ఇష్టమైన పాటలూ, వాటి వెనక చేతులూ

“ఎవరి రుచి వారిది” అనే మాటకు మన చర్చల్లో సాధారణంగా ఎదురుండదు. ఒకరికి ఒక పద్యం నచ్చుతుంది, మరొకరికి మరొకటి నచ్చుతుంది. కారణాలడగడం మర్యాద కాదని చాలామంది నమ్మకం. కవిత్వం విషయంలోనయినా కొంత ఘర్షణ జరిగి ఈ మాట బలం తగ్గింది. పాట విషయంలో మటుకు అది చెక్కుచెదరలేదు. పాట వినబోయే మనిషి తనలోని విమర్శకుణ్ణి చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి లోపలికి వస్తాడు.

పాశ్చాత్య దేశాల్లో 1960లలోనూ 1970లలోనూ వచ్చిన రాక్ పాటల విషయంలో ఇది మరీ ఎక్కువ. వాటిని ఇష్టపడేవాళ్ళు నలుగురు కలిస్తే, ఎవరికి ప్రాణప్రదమైన పాటలేవో చెప్పుకోవడం ఒక ఆచారం. పది పేర్లు, వాటిని మొదటిసారి విన్ననాటి వయసు, “అలాంటి పాటలు మళ్ళీ రావు” అనే నిట్టూర్పు. అంతటితో ముచ్చట ముగుస్తుంది. పాట ఎందుకు నచ్చిందో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. మన విద్యార్థులు కూడా ఇప్పుడు ఆ పాటలను ఫోన్లలో వింటున్నారు. అవే జాబితాలు, అవే నిట్టూర్పులు వాళ్ళ నోటా వినిపిస్తున్నాయి. ఆ కాలం ముగిసిన ముప్ఫై ఏళ్ళకు పుట్టినవాడు ఆ కాలం పోయిందని నిట్టూర్చడం విచిత్రమే, కాని అది వేరే సంగతి.

ఈ పాటల పట్ల మన శిబిరంలో రెండు ధోరణులున్నాయి. ఇదంతా సామ్రాజ్యవాద సంస్కృతి, యువకులను మత్తులో ముంచడానికి పుట్టింది, దీని జోలికి పోరాదు అనేది ఒకటి. జుట్టు పెంచి, గిటారు పట్టి, గొంతు చించుకొన్న ప్రతివాడూ తిరుగుబాటుదారే అనేది రెండోది. మొదటివారు పాటను అది పుట్టిన దేశాన్ని బట్టి, రెండోవారు పాడినవాడి వేషాన్ని బట్టి అంచనా కడుతున్నారు. పాట వినవలసిన అవసరం ఇద్దరికీ కలగలేదు.

నేనూ నా జాబితా ఒకటి పాఠకుల ముందు పెడుతున్నాను. ప్రతి పాటకూ కారణం చెప్పే పూచీ కూడా నాదే. పాట అభ్యుదయకరమా కాదా అన్నది అందులోని నినాదాన్ని బట్టి తేలదని నా అభిప్రాయం. ఎవరి కష్టం ఆ ధ్వనిలోకి వచ్చింది, వచ్చాక ఎవరు దాన్ని తమదిగా చేసుకొన్నారు, మధ్యలో ఎవరి బాకీ ఎగ్గొట్టారు – ఇవి చూడాలి. నా ఇష్టానికి కూడా నేను పెట్టుకొన్న కొలత ఇదే.

ముందు ఆ పేరు సంగతి తేల్చుకొందాం. 1968లో గాని, 1971లో గాని ఈ పాటలు కట్టినవాళ్ళు తాము “క్లాసిక్కులు” కడుతున్నామని అనుకోలేదు. “క్లాసిక్ రాక్” అనే ముద్ర 1980లలో అమెరికా ఎఫ్.ఎం. రేడియో వ్యాపారంలో పుట్టింది. 1960లలో కుర్రవాళ్ళయిన శ్రోతలు అప్పటికి ఉద్యోగాల్లో స్థిరపడి, కార్లూ ఇళ్ళూ కొనే వయసుకు వచ్చారు. వాళ్ళ చెవి దొరికితే ప్రకటనదారులు బాగా డబ్బిస్తారు. కొత్త పాట వేస్తే శ్రోత స్టేషను మారుస్తాడేమోనని భయం; ఎరిగిన పాట వేస్తే ఆ భయం లేదు. అందుచేత శ్రోతలను హాల్లో కూర్చోబెట్టి, ఒక్కొక్క పాటలోంచి కొన్ని సెకన్ల ముక్క వినిపించి, మార్కులు వేయించి, ఎక్కువ మార్కులు వచ్చిన పాటలనే తిప్పి తిప్పి వేసే పద్ధతి అమెరికా రేడియోలో స్థిరపడింది. పరీక్షలో వచ్చే ప్రశ్నలకు జవాబులు వల్లెవేసి సాహిత్యం చదివామనుకొనే విద్యార్థి పద్ధతికీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఈ జల్లెడలో నిలవనిదేదో కూడా చూడాలి. రాక్ సంగీతానికి పునాది వేసినవాళ్ళు నల్లజాతివాళ్ళు. చక్ బెర్రీ గిటారు లేకపోతే బీటిల్స్ లేరు, రోలింగ్ స్టోన్స్ లేరు. ఈ మాట ఆ రెండు బృందాలవాళ్ళూ దాచుకోకుండా చెప్పారు. అయినా ఈ స్టేషన్లలో జిమీ హెండ్రిక్స్‌ను మినహాయిస్తే నల్లవాళ్ళ గొంతు వినిపించడం అరుదు. స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ అనే బృందంలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ, స్త్రీలూ పురుషులూ కలిసి వుండేవారు. 1969లో వుడ్‌స్టాక్ వేదిక మీద జనాన్ని వూపినవాళ్ళలో వాళ్ళున్నారు. రేడియో జాబితాలో వాళ్ళకు చోటు దొరకడం కష్టమయింది. తన ఇష్టం అనుకొని మనిషి చెప్పే పది పాటల్లో అతను ఎంచుకొన్నవెన్ని, స్టేషను మేనేజరు ఎంచి పెట్టినవెన్ని?

నా జాబితాలో మొదటిది లెడ్ జెప్లిన్ బృందం 1971లో విడుదల చేసిన ‘వెన్ ది లెవీ బ్రేక్స్’. లెవీ అంటే కరకట్ట. కరకట్ట తెగడమంటే ఏమిటో కృష్ణా గోదావరి లంకల్లో పుట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఈ పాటలోని కట్ట మిసిసిపీ నదిది. 1927లో ఆ నదికి వచ్చిన వరద అమెరికా చరిత్రలోకెల్లా పెద్ద వరదల్లో ఒకటి. లక్షలాది మంది నిరాశ్రయులయ్యారు. పత్తి భూముల్లో పాలుకు సేద్యం చేసే నల్లవాళ్ళకు తగిలిన దెబ్బ అన్నిటికంటే పెద్దది. మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌విల్ దగ్గర వేలాది నల్లవాళ్ళను కట్టమీదే గుడారాల్లో వుంచి, తుపాకులతో కాపలా పెట్టి, చాకిరీ చేయించారు. జనాన్ని తరలించడానికి పడవలు వచ్చినా వాళ్ళను ఎక్కనివ్వలేదు. ఎందుకు? పోయినవాళ్ళు తిరిగి రారనీ, పత్తి తీయడానికి కూలీలు దొరకరనీ భూస్వాముల భయం.

రెండేళ్ళ తర్వాత, 1929లో, మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకాయ్ అనే దంపతులు ఈ పాటను రికార్డు చేశారు. రెండు గిటార్లు, ఒక గొంతు. ఆ గొంతు మెకాయ్‌ది. అందులో ఏడుపు లేదు. పగలూ రాత్రీ కట్టమీద పనిచేసి కూడా ఇల్లు నిలుపుకోలేకపోయిన మనిషి, జరిగిందేదో పక్కవాడితో చెప్పుకొంటున్నట్టుంటుంది.

లెడ్ జెప్లిన్ వాళ్ళు ఇంగ్లండు కుర్రవాళ్ళు. వరద నాటికి వాళ్ళెవరూ పుట్టలేదు. వాళ్ళ రికార్డులో మాటలు కొన్ని పాత పాటవి. కొత్తగా చేర్చినవి అంత గొప్పవి కావు. మాటలను కాగితం మీద పరిచి చూసే విమర్శకుడు ఇది మూలానికి తీసికట్టు అంటాడు. నేనొప్పుకోను. ఆ రికార్డులో వరద మాటల్లో లేదు, డ్రమ్ముల్లో వుంది. జాన్ బానమ్ డ్రమ్ములను హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్లకింది హాల్లో పెట్టి, మైకులను పై అంతస్తు నుంచి వేలాడదీశారు. దెబ్బ నాలుగు గోడలకూ తగిలి, మెట్లెక్కి, బరువెక్కి మైకుకు చేరుతుంది. ఏడు నిమిషాలపాటు ఆ దెబ్బ తొందరపడదు, అలిసిపోదు. కట్టమీద నిలబడి నీటిమట్టం చూసేవాడికి కలిగే భయం అలాంటిదే. నీరు పరుగెత్తదు, ఎక్కుతూ వుంటుంది. బానమ్ సంగీతంలోకి రాకముందు తండ్రి దగ్గర ఇళ్ళు కట్టే పనిలో వడ్రంగం నేర్చినవాడు. సుత్తి బరువు తెలిసిన చెయ్యి అది.

వస్తువు, రూపం అనే చర్చ మనకు కొత్తది కాదు. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను తీసుకొని అందులో కొత్త వస్తువు పెట్టింది. షేక్ నాజర్ గొంతులో, డక్కీల మోతలో అది జనంలోకి వెళ్ళింది. పాత రూపానికి కొత్త వస్తువు. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. వస్తువు పాతది, రూపం కొత్తది. మాటల్లో పలచబడిన వరద మోతలో మళ్ళీ లేచింది. కాని బుర్రకథ తీసుకొన్నవాళ్ళు దాన్ని ఏ జనం దగ్గర తీసుకొన్నారో ఆ జనం మధ్యకే తిరిగి వెళ్ళారు. ఈ తేడా చిన్నది కాదు.

ఇంగ్లండు కుర్రవాళ్ళకు ఈ సంగీతం ఎలా చేరిందో చూడండి. వరదలూ, పాలు సేద్యమూ, కొరడాలూ భరించలేక దక్షిణాది నల్లవాళ్ళు షికాగో దారి పట్టారు. మిసిసిపీలో ట్రాక్టరు తోలిన మడ్డీ వాటర్స్ 1943లో అక్కడికి చేరాడు. ఫ్యాక్టరీల నగరంలో, జనం కిక్కిరిసిన సారా హోటళ్ళలో మామూలు గిటారు వినిపించదు. అందుచేత అది విద్యుత్తు గిటారయింది. ఆ రికార్డులు ఇంగ్లండు చేరాయి. మడ్డీ వాటర్స్ 1962లో రికార్డు చేసిన ‘యూ నీడ్ లవ్’ కట్టినవాడు విల్లీ డిక్సన్. లెడ్ జెప్లిన్ వాళ్ళకు 1969లో లోకప్రసిద్ధి తెచ్చిన ‘హోల్ లాటా లవ్’లో దాని ఛాయ స్పష్టంగా వుంది, డిక్సన్ పేరు మాత్రం లేదు. 1985లో అతను దావా వేశాడు. 1987లో రాజీ కుదిరింది. ఆ తర్వాత అతని పేరు రికార్డు మీదికి వచ్చింది. తనలాగే మోసపోయిన గాయకులకు హక్కులు ఇప్పించడానికి డిక్సన్ ఒక సంస్థ కూడా పెట్టాడు. ‘లెవీ’ పాటకయితే మెంఫిస్ మిన్నీ పేరు మొదటే వేశారు, అంతవరకు న్యాయమే. ఆమె 1973లో మెంఫిస్‌లో చనిపోయింది. చివరి సంవత్సరాలు పక్షవాతంతో, లేమిలో గడిచాయి.

జానపద సంగీతం ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా తీసుకోవచ్చు అని కొందరు వాదిస్తారు. ఊరుమ్మడి చెరువు అందరిదీ అనడం సబబే. ఒకడు చుట్టూ కంచె వేసి నీళ్ళు అమ్ముకొంటున్నప్పుడు వాడి తరపున ఆ మాట అనడం సబబు కాదు.

ఇదే బాకీ మరొక రకంగా రోలింగ్ స్టోన్స్ వారి ‘గిమ్మీ షెల్టర్’లో కనిపిస్తుంది. 1969 డిసెంబరులో వచ్చిన ఈ పాటను వియత్నాం యుద్ధకాలపు భయానికి అద్దంగా అందరూ చెబుతారు. ఆ భయం ఎవరి గొంతులో వుంది? మిక్ జాగర్ గొంతులో వున్నది నటన. మంచి నటనే, కాని నటనే. లాస్ ఏంజిలిస్‌లో పాటకు తుదిమెరుగులు దిద్దుతూ, ఒక స్త్రీ గొంతు కలిస్తే బాగుంటుందని తోచి, నిద్రలో వున్న మెర్రీ క్లేటన్‌ను అర్ధరాత్రి స్టూడియోకు పిలిపించారు. ఆమె నల్లజాతి గాయని, అప్పుడు నిండు గర్భిణి. మానభంగం, హత్య అనే రెండు భయంకరమైన మాటలను ఆమె స్థాయి పెంచుతూ మళ్ళీ మళ్ళీ పాడింది. ఒకచోట గొంతు చీలింది. ఆ చీలిక విని జాగర్ వేసిన కేక కూడా రికార్డులో సన్నగా వినిపిస్తుంది. సంగీతశాస్త్రం ప్రకారం అది అపశ్రుతి. పాటంతటిలోనూ నిజమైన క్షణం అదొక్కటే అని నా అభిప్రాయం. కొద్దికాలానికే ఆమెకు గర్భస్రావమయింది. ఆ పాట తన బతుకులో ఒక చీకటి జ్ఞాపకంగా మిగిలిందని తర్వాత చెప్పింది. పాట హక్కు జాగర్, రిచర్డ్స్ ఇద్దరిది. రికార్డు మీద ఆమె పేరు కూడా తిన్నగా పడలేదు. మెర్రీ అనడానికి ‘మేరీ’ అని అచ్చయింది. వెనక వరుస గాయనుల గురించి 2013లో ‘ట్వెంటీ ఫీట్ ఫ్రమ్ స్టార్‌డమ్’ అనే డాక్యుమెంటరీ వచ్చాకగాని చాలామంది శ్రోతలకు ఆమె ఎవరో తెలియలేదు.

ఇక నినాదాల సంగతి. 1968 ఆగస్టులో బీటిల్స్ ‘రివల్యూషన్’, రోలింగ్ స్టోన్స్ ‘స్ట్రీట్ ఫైటింగ్ మాన్’ ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. మొదటిది విధ్వంసంతో తనకు పనిలేదని చెప్పి, మావో బొమ్మలు మోసేవాళ్ళను వెక్కిరిస్తుంది. రెండోదాని పేరే వీధిపోరాటం. షికాగోలో డెమొక్రటిక్ పార్టీ మహాసభ దగ్గర పోలీసులు జనాన్ని చావబాదిన రోజుల్లో అది విడుదలయింది, అమెరికాలో పలు స్టేషన్లు దాన్ని వేయడానికి నిరాకరించాయి. లండన్‌లో తారిఖ్ అలీ సంపాదకత్వాన వచ్చే ‘బ్లాక్ డ్వార్ఫ్’ పత్రిక జాగర్ స్వహస్తంతో రాసిన ఈ పాటను అచ్చువేసింది. జాన్ లెనన్‌కు మాత్రం ఘాటైన బహిరంగ లేఖ ప్రచురించింది. 1969 జనవరిలో లెనన్ అంతే ఘాటుగా జవాబు రాశాడు. అప్పటి వామపక్ష యువకుల తీర్పు సుమారుగా ఇది: జాగర్ మనవాడు, లెనన్ పారిపోయినవాడు.

ఈ తీర్పు చెప్పినవాళ్ళు పాట పేరు చదివారు, పాట వినలేదు. ‘స్ట్రీట్ ఫైటింగ్ మాన్’లో గాయకుడు చెప్పేదల్లా, లండన్‌లో పోరాటానికి చోటు లేదు కనుక తాను పాడుకొంటున్నాననే. అది నిస్సహాయత, పిలుపు కాదు. అయినా ఆ పాట నాకిష్టం, ఎందుకంటే కీత్ రిచర్డ్స్ మామూలు గిటారును చిన్న క్యాసెట్ యంత్రంలో, అది భరించలేనంత గట్టిగా రికార్డు చేసి, ఆ పగిలిన ధ్వనిని పాటకు పునాదిగా వేశాడు. రాళ్ళబాట మీద గుంపు అడుగుల చప్పుడులా వుంటుంది. ‘రివల్యూషన్’ అంతకంటే ఎక్కువ ఇష్టం. అందులో గిటారును నేరుగా రికార్డింగు బల్లకు తగిలించి చిరిగిపోయే ధ్వని పుట్టించారు. మాట వద్దంటుంది, గిటారు పదమంటుంది. లెనన్ మనసులో వున్న పోట్లాట ఆ రికార్డులో దాగలేదు. 1971 నాటికి లెనన్ మన నినాదాన్నే పట్టుకొని ‘పవర్ టు ది పీపుల్’ పాడాడు. నినాదం సరైనదే, పాట చప్పనిది. సభలో తీర్మానం చదివినట్టుంటుంది. అంతకు ముందు సంవత్సరం ఒంటరిగా గిటారు మీటుతూ పాడిన ‘వర్కింగ్ క్లాస్ హీరో’ దానికి నూరురెట్లు బలమైనది. అందులో పిలుపు లేదు, చేదు వుంది.

తర్వాత కథ తెలిసిందే. 1987లో నైకీ కంపెనీ బూట్ల ప్రకటనకు ‘రివల్యూషన్’ను వాడుకొంది, బీటిల్స్ వారి సంస్థ దావా వేసింది. 2003లో మిక్ జాగర్ సర్ మిక్ జాగర్ అయ్యాడు.

వియత్నాంలో అమెరికా సైనికులు తమ గీతంగా చేసుకొన్న పాట ఏది? యుద్ధం గురించిన పాట కాదు. 1965లో ఇంగ్లండులోని న్యూకాసిల్ కుర్రవాళ్ళు, యానిమల్స్ అనే బృందం, పాడిన ‘వి గాటా గెట్ అవుట్ ఆఫ్ దిస్ ప్లేస్’. కట్టింది న్యూయార్కులో జీతానికి పాటలు కట్టే బారీ మాన్, సింథియా వైల్ దంపతులు. బొగ్గూ ఓడలూ తప్ప మరొకటి లేని ఊరినుంచి వచ్చిన గొంతు దానికి బరువిచ్చింది. బలవంతంగా సైన్యంలోకి లాగబడిన పిల్లలు దానికి అర్థమిచ్చారు. రాసినవాళ్ళ వుద్దేశం ఇక్కడ ఎంతవరకు లెక్కకు వస్తుంది?

క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ వారి ‘ఫార్చునేట్ సన్’ (1969) ఆ యుద్ధం గురించి వర్గదృష్టితో వచ్చిన పాట. పెద్దల బిడ్డలు ఇంట్లో వుంటారు, మిగతావాళ్ళ బిడ్డలు చస్తారు అనే మాటను రెండున్నర నిమిషాలయినా పట్టకుండా చెబుతుంది. పాడిన జాన్ ఫాగర్టీ సైన్యపు రిజర్వులో పనిచేసినవాడు. ఆ పాట హక్కులు అతనివి కావు, కంపెనీవి. దేశభక్తి పాటలా వినిపించే మొదటి ముక్క ఒకటి కత్తిరించి, జీన్సు ప్యాంట్ల ప్రకటనకు వాడుకొంటే అతను చూస్తూ వూరుకోవలసి వచ్చింది. అంతకంటే వింత మరొకటి వుంది. 1980లలో అతను కొత్త పాట కడితే, అది అతని పాత పాటలాగే వుందని పాత కంపెనీ అతని మీదే దావా వేసింది. ఫాగర్టీ కోర్టులో గిటారు వాయించి, తన చెయ్యి తనదేనని రుజువు చేసుకోవలసి వచ్చింది. 1988లో జ్యూరీ అతని పక్షాన తీర్పు చెప్పింది. తన పాటల ప్రచురణ హక్కుల్లో అధికభాగం అతనికి 2023లో చేతికి వచ్చింది.

బ్లాక్ సబ్బాత్‌ను ఈ జాబితాలో చేర్చడం కొందరు మిత్రులకు నచ్చకపోవచ్చు. దయ్యాలూ శిలువలూ చూసి అది క్షుద్రసంస్కృతి అన్నారు. పండిత విమర్శకులు మొదట్లో మొరటు మోత అన్నారు. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ పేట కార్మికుల బిడ్డలు వాళ్ళు. పాడిన ఆజీ ఆస్‌బోర్న్ కబేళాలో పనిచేశాడు. గిటారు వాయించే టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగు చేసేవాడు. 17 ఏళ్ళ వయసులో, ఆ ఫ్యాక్టరీలో అతనికి అదే ఆఖరి రోజు, ప్రెస్సు మీద పనిచేసే మనిషి రాకపోతే ఇతన్ని అక్కడ నిలబెట్టారు. ప్రెస్సు అతని కుడిచేతి రెండు వేళ్ళ కొనలు తీసుకొంది. అతను ఎడమచేతివాటం, తీగలు నొక్కవలసింది ఆ వేళ్ళే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకొన్నాడు, వాటికి తోలు అంటించాడు, సన్నని తీగలు వేసుకొన్నాడు. కొంతకాలానికి నొప్పి తగ్గడానికి తీగల బిగువే సడలించాడు. సడలిన తీగ మంద్రంగా, బరువుగా మోగుతుంది. హెవీ మెటల్ అని లోకం పిలిచే సంగీతానికి ఆ బరువు ప్రాణం. రూపం ఎక్కడినుంచి వస్తుందని అడిగే శిల్పవాదులకు నేను ఈ చెయ్యి చూపిస్తాను.

వాళ్ళ ‘వార్ పిగ్స్’ (1970) సేనాపతులూ రాజకీయవేత్తలూ యుద్ధాలు మొదలుపెట్టి బీదవాళ్ళను పంపుతారని సూటిగా చెబుతుంది. చివర వాళ్ళకు తీర్పు చెప్పే పని దేవుడికీ సైతానుకూ అప్పజెప్పడం పాటలోని లోపం. ఆ లోపంతోనే నాకది ఇష్టం. 2025 జూలై 5న ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ మైదానంలో ఆ నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. పదిహేడు రోజుల తర్వాత ఆస్‌బోర్న్ చనిపోయాడు.

చివరి పాట ఉపాధ్యాయ మిత్రులకు కష్టం కలిగించేది: పింక్ ఫ్లాయిడ్ వారి ‘అనదర్ బ్రిక్ ఇన్ ది వాల్’ రెండో భాగం, 1979. బడి పిల్లలను ఇటుకలుగా మారుస్తుందని అది అంటుంది. పల్లవిలో ఇంగ్లీషు వ్యాకరణం తప్పుతుంది. ఆ తప్పు తెలిసి వేసిందే. పాట రాసిన రోజర్ వాటర్స్ ఉపాధ్యాయుల బిడ్డ. తండ్రి కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు, 1944లో ఆంజియో యుద్ధంలో చనిపోయాడు. కనుక ఈ పాటను చదువు మీద ద్వేషంగా కొట్టిపారేయడం తొందరపాటు. అయితే బాగా బతికినవాడు బడిని తిట్టడంలో వుండే సుఖం ఇందులో లేదని చెప్పలేను. ఆ సుఖాన్ని పాటనుంచి తొలగించినవాళ్ళు పిల్లలు. లండన్‌లోని ఇస్లింగ్టన్ గ్రీన్ పాఠశాల విద్యార్థులు 23 మందిని తీసుకువెళ్ళి రెండో చరణం పాడించారు. వాళ్ళ గొంతులనే ఒకదానిమీద ఒకటి పదేపదే పేర్చి పెద్ద గుంపులా వినిపించారు. ఆ పిల్లల పేట యాస లేకపోతే ఈ పాట ఒక ధనికుడి ఫిర్యాదుగా మిగిలేది. రికార్డు లక్షల్లో అమ్ముడుపోయింది. పాఠశాలకు 1000 పౌండ్లు ముట్టాయి. 2004లో, ఆ పిల్లలు నడివయసుకు వస్తున్న రోజుల్లో, రాయల్టీలో వాళ్ళ వాటా కోసం అడుగుతున్నారనే వార్త బ్రిటన్ పత్రికల్లో వచ్చింది.

ఈ పాట అసలు కథ దక్షిణాఫ్రికాలో జరిగింది. అక్కడ 1953లో చేసిన బంటూ విద్యాచట్టం నల్లపిల్లలకు కూలిపనికి చాలినంత చదువే చాలని శాసించింది. 1976లో సొవెటో పిల్లలు ఆఫ్రికాన్స్ భాషలో బోధనకు ఎదురుతిరిగి తుపాకులకు బలయ్యారు. 1980లో కేప్ టౌన్‌లో మొదలై బడుల బహిష్కరణ వ్యాపించింది. పుస్తకాలు లేవు, కిటికీలకు అద్దాలు లేవు, తెల్లపిల్లవాడి మీద పెట్టే ఖర్చులో కొద్ది వంతు మాత్రమే నల్లపిల్లవాడి మీద పెడుతున్నారు. ఆ పిల్లలు పింక్ ఫ్లాయిడ్ పాటను అందుకొన్నారు. చదువు వద్దనే పాటను, చదువు కావాలని పోరాడే పిల్లలు పాడారు! మాటల అర్థం చూస్తే ఇది పొసగదు. వాళ్ళు పాడింది ‘చదువు’ గురించి కాదు, తమ చుట్టూ కట్టిన గోడ గురించి. పైగా నాట్యశాలలకోసం వేసిన ఆ తాళం కవాతుకు సరిగ్గా సరిపోయింది. 1980 మేలో ప్రభుత్వం రికార్డును నిషేధించింది.

నా జాబితాలో ఈ పాటకు ఎదురుగా పింక్ ఫ్లాయిడ్ పేరు ఒక్కటే రాయడం నాకు కుదరలేదు. ఇస్లింగ్టన్ గ్రీన్ పిల్లలు 23 మంది, కేప్ టౌన్ బడిపిల్లలు అని కూడా రాసుకొన్నాను.